మంచం పక్క స్టూలు

అనసూయ ఫ్రిజ్ తలుపు తీసి మళ్ళీ ఒకసారి చూసింది. ఎన్నిసార్లు చూసినా బీ పాజిటివ్ సీసా ఒక్కటే. గాజు సీసాలు పోయి ప్లాస్టిక్ సంచులొచ్చి ఏళ్ళు గడిచినా ఆ దవాఖానలో అందరూ ఇంకా సీసా అనే అంటారు. లేబర్ వార్డు నుంచి వచ్చిన చీటీలో రెండు కావాలని ఉంది. మాధవి, ఇరవై రెండేళ్ళు, కొర్పనా దగ్గర పల్లె. ఆడపిల్ల పుట్టి గంట దాటింది. తల్లికి రక్తం ఆగడం లేదు.

ఉన్న ఒక్క సీసానూ పరీక్ష చూసి పైకి పంపేసి, బయట బెంచీ మీద కూర్చున్న ఇద్దరినీ లోపలికి పిలిచింది. మాధవి భర్త దత్తు, అత్త గౌరమ్మ. దత్తు మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. పత్తి బోరాలు మోసి మోసి భుజాలు గట్టిపడ్డాయి. అనసూయ అతని వేలి మీద చిన్నగా పొడిచి, తెల్లటి పలక మీద రక్తం చుక్కలు పెట్టి, మందు కలిపి అటూ ఇటూ వంచింది. రెండు చుక్కలు విరిగిన పాలలా పలుకులయ్యాయి.

"నీది బీ పాజిటివే. అదృష్టం. ఒక్క సీసా ఇస్తే చాలు. పావుగంట పని" అంది అనసూయ.

దత్తు నోరు విప్పేలోపు గౌరమ్మ అడ్డం వచ్చింది. "ఏందమ్మా, నా కొడుకు నెత్తురు తీస్తరా? రేపు దున్నేదెవరు? గింత పెద్ద దవాఖాన కట్టిండ్రు, నెత్తురు లేదా? పైసలు ఎంతనో చెప్పు, కొనుక్కస్తం."

"కొనేది బందయ్యింది అవ్వా. జనవరి నుంచి సర్కారు ఆపేసింది."

"ఎవరాపినా అమ్మేటోడు అమ్మకుంట ఉంటడా? దా బిడ్డా" అని కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. దత్తు వెనక్కి తిరిగి అనసూయను చూశాడు కానీ తల్లి చెయ్యి విడిపించుకోలేదు.

రక్తనిధి కిటికీ దవాఖాన గేటు వైపు ఉంటుంది. నిరుడు దాకా ఆ గేటు ముందర గోడ నీడన పది పన్నెండు మంది రోజూ కూర్చునేవాళ్ళు, ఎవరికి రక్తం కావాలన్నా అమ్మడానికి. ఇప్పుడు ఆ చోట అరటిపండ్ల బండి ఒక్కటే ఉంది. బండి వెనక నిలబడ్డ హనుమంతు కూడా ఇరవై ఏళ్ళు ఆ గోడ నీడన కూర్చున్నవాడే. బక్కపలచని మనిషి, యాభై దాటాయి. గౌరమ్మ నేరుగా అతని దగ్గరికే పోయి చేతులు తిప్పుతూ ఏదో అడగడం కిటికీలోంచి అనసూయకు కనబడింది. ఒప్పుకుంటాడేమోనని ఆమె అక్కడే నిలబడి చూసింది. ఒప్పుకుంటే గేటు దగ్గర్నించే వాపసు పంపాలి.

హనుమంతు తల అడ్డంగా ఊపాడు. గౌరమ్మ మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ ఊపి, చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి మడతలోని సూది మచ్చలు దత్తుకు చూపించాడు. ఒక పండు ఒలిచి అతని చేతిలో పెట్టాడు. దత్తు నిలబడే తిన్నాడు. హనుమంతు మాట్లాడుతూనే ఉన్నాడు, తొందరేం లేనట్టు, మధ్యమధ్య పండ్ల మీద ఈగలు తోలుతూ. కాసేపటికి బండి మీద గోనెపట్టా కప్పి, ఇద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు.

"అనసూయమ్మా, ఈయన ఇస్తడట. నేను జర పక్కన కూసుంట. ఏమన్న అంటవా?"

"కూసో కాకా" అంది అనసూయ.

దత్తును మంచం మీద పడుకోబెట్టి, జబ్బకు పట్టీ బిగించి, రబ్బరు బంతి చేతికిచ్చింది. హనుమంతు స్టూలు దగ్గరికి లాక్కుని, సూది దత్తుకు కనబడకుండా అడ్డంగా కూర్చున్నాడు.

"ఎడ్లు ఎన్నున్నయ్ నీకు?"

"రెండు."

"పేర్లేంది?"

"ఒకటి సర్జా. ఇంకోదానికి..." సూది దిగింది. దత్తు మొహం ముడుచుకుంది. "ఇంకోదానికి పేరు పెట్టలే. మొన్ననే వనీ బజార్ల తెచ్చిన."

"పేరు లేకుంటే అది నీ మాటెట్ల వింటది? రంగెట్లుంటది?"

"కొంచెం బూడిద రంగు. కొమ్ములు లోపలికి తిరిగుంటయ్."

"దున్నుతదా బద్ధకమా?"

దత్తు ఆ ఎద్దు సంగతి మొదలుపెట్టాడు. ఎంతకు కొన్నదీ, అమ్మినవాడు ఎలా మోసం చేశాడనుకున్నదీ, తీరా చూస్తే సర్జా కంటే అదే నయమని తేలిందీ. చేతిలో బంతిని తనకు తెలియకుండానే పిసుకుతున్నాడు. సంచి నిండి త్రాసు ముల్లు గుర్తు దాటింది. అనసూయ సూది తీసి దూది పెట్టి చెయ్యి మడిపించింది. "అయిపోయిందా?" అన్నాడు దత్తు. గుమ్మంలో నిలబడ్డ గౌరమ్మ కొడుకును కింది నుంచి పైదాకా చూసి, ఏం తగ్గిందో తేలక, కొంగుతో అతని నుదురు తుడిచింది.

వాళ్ళు పైకి పోయాక అనసూయ అడిగింది. "ఏం చెప్పినవ్ కాకా గేటు కాడ? నేను అన్నీ చెప్పిన, వినలే."

"ఏం జెప్తా. నేను ఇరవై ఏండ్లు అమ్ముకున్న, ఎవలకు పోయిందో ఒక్కసారి గూడ తెల్వలే. నీకు తెలుస్తది, రేపు పొద్దుగాల ఆమె మొకం నువ్వు చూస్తవు అన్న. గంతే." కాస్త ఆగి, చొక్కా చెయ్యి ఇంకా మడిచే ఉందని గమనించి, చెయ్యి చాచాడు. "నాది గూడ తీస్కోరాదు. పైసలొద్దు. మూడు నెలలాయె, మంచిగ తింటున్న."

వద్దనలేక వేలి మీద పొడిచింది. మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళ గ్లాసులో రక్తం చుక్క వేస్తే, బలమున్న రక్తం నేరుగా అడుగుకు దిగాలి. హనుమంతు చుక్క సగం దాకా పోయి, ఆగి, మెల్లగా పైకి తేలింది. ఇద్దరూ దాన్నే చూశారు.

"తేలింది" అన్నాడు హనుమంతు. చిన్నగా నవ్వాడు. "ఉన్నదంతా ఎప్పుడో అమ్మేసిన గదా."

అనసూయ సొరుగులోంచి ఐరన్ మాత్రల పొట్లం తీసి అతని జేబులో పెట్టింది. అతను బండి దగ్గరికి పోయి గోనెపట్టా తీసి, దుమ్ము దులిపి, పండ్లు మళ్ళీ వరసగా సర్దుకున్నాడు.

మూడు గంటల తర్వాత పరీక్షలన్నీ అయ్యాక దత్తు ఇచ్చిన సీసా మాధవికి ఎక్కించారు. సాయంత్రం డ్యూటీ దిగుతూ అనసూయ వార్డులోకి తొంగి చూసింది. పిల్ల నానమ్మ ఒళ్ళో కాదు, దత్తు ఒళ్ళో ఉంది. గౌరమ్మ అతనికి గ్లాసుతో పాలు తాగిస్తోంది, మాధవికి కూడా ఉన్నాయో లేవో చూడకుండా. మాధవి కళ్ళు తెరిచి ఉన్నాయి. అది చాలనుకుని అనసూయ బస్సెక్కింది.

మర్నాడు బుధవారం సాయంత్రం సేవామిత్ర క్లబ్ సమావేశం, గోల్ బజార్లో బాపురావు బట్టల దుకాణం మేడ మీద. బాపురావు క్లబ్ అధ్యక్షుడు. ముత్తాతల కాలం నుంచి రాజురా వైపు తెలుగువాళ్ళే అయినా, మాటలో తెలుగూ మరాఠీ చెరి సగం. జనవరిలో ఇరవై రెండున్న సభ్యత్వాన్ని రెండు నెలల్లో నలభై ఒకటికి పెంచాడు. కాంట్రాక్టర్లు, దుకాణదార్లు, విద్యుత్ కేంద్రం ఇంజనీర్లు, సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసర్లు. చీర కొనడానికి వచ్చినవాణ్ణి కూడా సభ్యుణ్ణి చెయ్యకుండా వదలడని నవ్వుకునేవాళ్ళు. అనసూయను కూడా అలాగే చేర్చాడు, శిబిరాలకు టెక్నీషియన్ అక్కరకొస్తుందని. నలభై ఒక్కమందిలో ఆడమనిషి ఆమె ఒక్కతే.

"ఆదివారం దుర్గాపూర్ కమ్యూనిటీ హాల్లో రక్తదాన శిబిరం. నాగపూర్ నుంచి జోన్ ప్రెసిడెంట్ సాహెబ్ స్వయంగా వస్తుండు. సభ్యత్వంల, సేవల ఎక్కువ ముందుకు పోయిన క్లబ్బుకు షీల్డు. ఈసారి మనకు రావాలె" అన్నాడు బాపురావు. తర్వాత ఎవరేమిస్తున్నారో లేచి చెప్పమన్నాడు. టెంటు ఒకరు, మైకు ఒకరు, కుర్చీలు ఒకరు, ఉప్మా, టీ ఇంకొకరు. ప్రతిదానికీ చప్పట్లు. బ్యానరు కోసం ఇద్దరు పోటీ పడ్డారు.

చప్పట్లు ఆగాక అనసూయ అడిగింది. "నెత్తురు ఎవరెవరు ఇస్తరు సేఠ్?"

"అరే తాయీ, గది అడగాల్నా? అందరం ఇస్తం" అని బాపురావు చెయ్యెత్తాడు. నలభై చేతులు లేచాయి.

అనసూయకు ఆ చేతుల మీద నమ్మకం కలగలేదు. మంగళవారం జరిగినదంతా చెప్పింది. దత్తు సంగతి, గౌరమ్మ సంగతి, గేటు దగ్గర హనుమంతు మాట్లాడిన తీరు. "మనకు అసుంటి మనిషి కావాలె. ఆయన్ను సభ్యుణ్ణి చేసుకుందాం. లేకుంటే శిబిరానికన్నా పిలుద్దాం."

కార్యదర్శి వంశీధర్ గొంతు సవరించుకున్నాడు. విద్యుత్ కేంద్రంలో ఇంజనీరు, రాజమండ్రి వైపు మనిషి, ఎవరినీ నొప్పించలేడు. "మీ ఉద్దేశం మంచిదే అనసూయ గారూ. కానీ ఆయన రక్తం అమ్ముకునేవాడు కదండీ. పెద్దవాళ్ళొస్తున్నారు. ఈయనెవరని అడిగితే ఏం చెబుతాం?"

"అమ్ముకున్నడు, నిజమే. ఇప్పుడు అరటిపండ్లు అమ్ముతుండు."

"మరింకేంది!" అన్నాడు బాపురావు, దారి దొరికినట్టు. "శిబిరానికి అరటిపండ్లు కావాలె గదా. ఆయన దగ్గర్నే కొందాం. వెనక వరండాల కూసొని పంచుతడు. ఆయనకూ గిరాకీ, మనకూ పని."

అందరూ బాగుందన్నారు. అనసూయ కూడా తల ఊపింది. మెట్లు దిగుతుంటే ఎందుకు ఊపానా అనిపించింది.

ఇంట్లో రాజలింగు అప్పటికే అన్నం వండి, వంకాయ కూర పొయ్యి మీద పెట్టాడు. అతను విద్యుత్ కేంద్రంలో బొగ్గు బెల్టు మీద ఆపరేటర్. మొదటి షిఫ్టు ఉన్న వారమంతా సాయంత్రం వంట అతనిదే. అనసూయ చెప్పిందంతా విని, "వెనక వరండానా?" అని ఊరుకున్నాడు. కూర కలుపుతూ మళ్ళీ తనే అన్నాడు. "నలభై మందిల నలుగురొస్తే గొప్ప."

"నువ్వైతే వస్తవా? పెండ్లై పద్నాలుగేండ్లాయె. ఊర్ల అందరినీ పొడిచిన, నిన్ను ఒక్కసారి పొడవలే."

"నువ్వు పొడుస్తనంటేనే భయం" అన్నాడు రాజలింగు. "దినాం నా మీదున్న కోపమంతా సూదిల తీస్తవు." ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ అతను వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఆదివారం తొమ్మిదింటికే హాలు సిద్ధమైంది. ఎనిమిది ఇనుప మంచాలు, తెల్ల దుప్పట్లు. పొద్దున కడిగిన కిటికీల మీద విద్యుత్ కేంద్రం గొట్టాల బూడిద అప్పుడే సన్నగా పేరుకుంటోంది. డాక్టరు, ఇంకో టెక్నీషియన్ వచ్చారు. అనసూయ నీలం నీళ్ళ గ్లాసు, స్పిరిట్ దూది, సంచులు, స్ప్రింగు త్రాసు వరసగా పెట్టుకుంది. వేదిక మీద మైకు సర్దుతున్నారు. వెనక వరండాలో హనుమంతు ఉతికిన చొక్కా వేసుకుని, నాలుగు గెలలు ముందు పెట్టుకుని, పండ్లు ఒక్కొక్కటిగా కోసి బుట్టలోకి వేస్తున్నాడు.

పదిన్నరకు హాలు నిండా జనం ఉన్నారు. మంచాలు ఖాళీగా ఉన్నాయి. సభ్యులు ఒకరి వెనక ఒకరు అనసూయ బల్ల దగ్గరికి వచ్చి, ఆమె అడక్కముందే కారణం చెప్పి పోతున్నారు. సిమెంటు కాంట్రాక్టరుకు నిన్ననే షుగరు ఉందని తేలింది. కిరాణా దుకాణం ఆయనకు ఉపవాసం. ఒకాయన భార్య వద్దందన్నాడు. పక్కనే ఉన్న భార్య ఆశ్చర్యంగా చూసింది. ఇచ్చినవాళ్ళు ముగ్గురు, వాళ్ళు ముగ్గురూ క్లబ్ సభ్యులు కాదు, కాలనీ కుర్రాళ్ళు.

వంశీధర్‌కు ఇది సిగ్గనిపించింది. చొక్కా చేతులు మడుచుకుని వచ్చి మంచమెక్కాడు. అనసూయ పట్టీ బిగిస్తుండగా పక్క మంచం దగ్గర వేలాడుతున్న నిండు సంచి మీద అతని చూపు పడింది. మొహం తెల్లగా పాలిపోయింది. కళ్ళజోడు జారి కింద పడి ఠంగుమంది. "పడిపోయిండు, పడిపోయిండు" అని ఎవరో అరిచారు. అప్పటిదాకా ఊగిసలాడుతున్నవాళ్ళు కూడా చెప్పుల దగ్గరికి నడిచారు.

డాక్టరు వచ్చేలోపు హనుమంతు లోపలికొచ్చాడు. ఎవరూ పిలవలేదు. రెండు దిండ్లు తెచ్చి వంశీధర్ కాళ్ళ కింద ఎత్తుగా పెట్టి, పై గుండీ విప్పి, కళ్ళజోడు తుడిచి దిండు పక్కన పెట్టాడు. ఒక నిమిషానికి వంశీధర్ కనురెప్పలు కదిలాయి.

"ఏం గాలేదు సార్. కండ్లు తెరవకుండ్రి. పండుకోండ్రి" అన్నాడు హనుమంతు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మీరు గా కరెంటు కాడ చేస్తరట గదా. గంత పెద్ద పొయ్యి ఎట్లంటువెడ్తరు సార్? అగ్గిపుల్ల గీస్తరా?"

వంశీధర్ పెదవుల మీద నవ్వు లాంటిది కదిలింది. "అగ్గిపుల్ల కాదండీ. ముందు ఆయిల్‌తో వెలిగిస్తాం. నాలుగు మూలలా..."

"నాలుగు మూలలెందుకు? ఒక్క దిక్కు సాలదా?"

ఎందుకు చాలదో వంశీధర్ చెప్పాడు. ముందు నూనె మంట, అది నిలబడ్డాక బొగ్గు పొడి, ఆ పొడి పిండిలా ఎంత మెత్తగా ఉండాలో, నీళ్ళు ఆవిరవడానికి ఎన్ని గంటలు పడుతుందో. రంగు మళ్ళీ మొహంలోకి వచ్చింది. నాడి చూసిన డాక్టరు, "ఇవ్వాళ వద్దు, విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. వంశీధర్ కళ్ళు మూసుకునే, "కాదండీ. ఇప్పుడు లేచిపోతే మళ్ళీ ఎప్పటికీ పడుకోను. కాసేపాగి తీయండి" అన్నాడు. అరగంట ఆగి, ఉప్పు నిమ్మరసం తాగించి, డాక్టరు సరేనన్నాక అనసూయ సూది వేసింది. అతని మాటల్లో టర్బయిను తిరగడం మొదలయ్యేసరికి సంచి నిండింది.

చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్ళు అదంతా చూస్తూ ఉండిపోయారు.

హనుమంతు లేచి ద్వారం దగ్గరికి నడిచాడు. అక్కడ బాపురావు చేతిలో బంతిపూల దండ పట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. దూది కోసం ఆ పక్క అల్మారా దగ్గరికి పోయిన అనసూయకు వాళ్ళ మాటలు వినబడ్డాయి.

"సేఠ్, మీరు జర వస్తే మిగిలినోళ్ళు వస్తరు."

"సాహెబ్ కారు వచ్చే టైమైంది. తర్వాత చూద్దాం."

"కారొస్తే హార్నేస్తడు గదా."

బాపురావు దండలో ఒక పువ్వు రేకులు తుంచుతున్నాడు. తుంచుతూనే గొంతు తగ్గించి అన్నాడు. "నీకు చెప్తున్న, ఎవలకూ చెప్పకు. గడ్డం గీసుకుంటే తెగిన దినం నేను అద్దం గూడ చూడ. నెత్తురు చూస్తే నాకు కడుపుల తిప్పుతది. చిన్నప్పటి సంది గంతే."

నవ్వుతాడేమో అనుకుంది అనసూయ. హనుమంతు నవ్వలేదు. "మంచిది సేఠ్. నువ్వు చూడకు. నేను చూస్త" అన్నాడు.

బాపురావు దండ ఎవరి చేతిలో పెట్టాలో తెలియక కుర్చీ వీపు మీద వేలాడేసి వచ్చాడు. వేలు పొడిచేటప్పుడు మొహం పూర్తిగా గోడ వైపు తిప్పుకున్నాడు. అతని చుక్క గులకరాయిలా అడుగుకు దిగింది. పెద్ద పొట్టతో మంచం మీద వాలి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చొక్కా లోపల గుండె కొట్టుకోవడం పైకే కనబడుతోంది.

హనుమంతు అతని రెండో చేతిని తన చేతిలోకి తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. "సేఠ్, మా ఇంట్లామె ఉగాదికి చీర అడుగుతుంది. నీ దుకాణంల ఏమేమున్నయ్?"

"ఏం... ఎట్లాంటివి?" అన్నాడు బాపురావు.

"నాకేం తెలుస్తది? నువ్వు జెప్పు. పై అర కాడ్నించి మొదలువెట్టు."

"పై అరల పైఠణీలు. అవి నీకొద్దు." సూది దిగింది. బాపురావు హనుమంతు చేతిని నలిపేశాడు. "దాని కింద... ఇర్కల్. ఎర్ర అంచువి, ఆకుపచ్చవి. ఆ పక్కన నారాయణపేట."

"నారాయణపేటవి ఉతికితే రంగు పోతదట గదా."

"ఎవడన్నడు?" బాపురావు కళ్ళు మూసుకునే గొంతు పెంచాడు. "నా దుకాణంల చీరకు రంగు పోతే వాపసు తీస్కుంట. ఉప్పు నీళ్ళల్ల ఒక్కసారి నానేయమని ప్రతి గిరాకీకి చెప్త. వినరు. తర్వాత నా మీద పడ్తరు."

కాలనీ ఆడవాళ్ళు నలుగురైదుగురు మంచం చుట్టూ చేరారు. ఒకామె నారాయణపేట జరీ అంచు ఎంతని అడిగింది. ఇంకొకామె నిరుడు కొన్న చీర కుచ్చుల దగ్గర పిగిలిందని పట్టుకుంది. బాపురావు పడుకునే జవాబులు చెబుతున్నాడు, బేరాలు ఆడుతున్నాడు. ఒకసారి తగ్గించనంటే తగ్గించనన్నాడు. హాలంతా నవ్వులు. అనసూయ సంచిని చేతిలో మెల్లగా ఊపుతూ తనూ నవ్వు ఆపుకోలేకపోయింది.

అప్పుడే హారను మోగింది. జోన్ ప్రెసిడెంట్ లోపలికి వచ్చేసరికి ద్వారం దగ్గర ఎవరూ లేరు, దండ కుర్చీకి వేలాడుతోంది. బాపురావు గాభరాగా లేవబోయాడు. హనుమంతు అతని భుజం మీద చెయ్యి వేసి అదిమాడు.

"లేవద్దు సేఠ్. సగమే అయ్యింది. పెద్దసారు రెండు నిమిషాలు ఆగుతడు."

నాగపూర్ పెద్దమనిషి మంచం దగ్గరికే వచ్చి, నవ్వి, "పడుకోండి, పడుకోండి" అన్నాడు హిందీలో. తర్వాత స్టూలు మీద, అధ్యక్షుడి చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషిని చూసి, "ఈయనెవరు?" అని అడిగాడు.

మడిచిన చెయ్యితో పక్క మంచం మీద కూర్చున్న వంశీధర్ తల దించుకున్నాడు. అనసూయ సంచి ఊపడం ఆపేసింది.

"హమారే ఆద్మీ హై సాహెబ్" అన్నాడు బాపురావు, కళ్ళు తెరవకుండానే. "మా క్లబ్బు మనిషి."

ఆ తర్వాత స్టూలు ఒక్కచోట నిలవలేదు. కిరాణా దుకాణం ఆయన ఉపవాసం విడిచి రెండు అరటిపండ్లు తిని వచ్చాడు. షుగరు కాంట్రాక్టరు మాత్రం రాలేదు, అతనిది నిజంగా షుగరే. హనుమంతు ఒకరి దగ్గర ఇటుక బట్టీల గురించి, ఇంకొకరి దగ్గర బ్యాంకు తాళాల గురించి అడుగుతూ మంచం నుంచి మంచానికి తిరిగాడు. వెనక వరండాలో పండ్లు పంచేవాళ్ళు లేక వంశీధరే బుట్ట పట్టుకుని తిరిగాడు. ఒంటిగంటకు షిఫ్టు బట్టలతోనే రాజలింగు వరసలో కనబడ్డాడు, మొహం నిండా బొగ్గు మసి. అనసూయ అతని చెయ్యి సబ్బుతో మోచేతి దాకా కడిగింది. సూది వేసేటప్పుడు మెత్తగా వేసింది. "గింతేనా?" అన్నాడు రాజలింగు, మోసపోయినవాడిలా.

ముప్పై ఒక్క సీసాలు. ఐస్ పెట్టెల్లో సర్దుతుంటే మూత పట్టక ఇంకో పెట్టె వెతకాల్సి వచ్చింది.

షీల్డు వరోరా క్లబ్బుకు పోయింది. వాళ్ళు సభ్యత్వం మూడింతలు చేశారట. బుధవారం సమావేశంలో బాపురావు ఆ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకుని, హనుమంతును సభ్యుణ్ణి చేద్దామని తనే లేచి అన్నాడు. వెనక వరసలోంచి ఒకరు, "రక్తం అమ్ముకున్నోడు సేఠ్, జనం ఏమంటరు?" అన్నారు.

"ఆదివారం ఆయన పక్కన కూసోకుంటే నేను ఇయ్యకపోదును. నువ్వూ ఇయ్యకపోదువు" అన్నాడు బాపురావు. "నీ పక్కన ఎంతసేపు కూసున్నడో నేను చూసిన."

ఆ మనిషి చెవులదాకా ఎర్రబడి, "నేను వద్దన్లే, జనం సంగతి అన్న" అన్నాడు. వంశీధర్ ఒక ఫారం తీసి అనసూయకు ఇచ్చాడు. "మీరే నింపించుకు రండి. నేనూ వచ్చేవాణ్ణే, కానీ మొన్న ఆయన గురించి నేనన్నది తల్చుకుంటే మొహం చెల్లట్లేదండీ."

మర్నాడు మధ్యాహ్నం అన్నం వేళ అనసూయ గేటు దగ్గరికి పోయింది. ఎండకు పండ్లు మెత్తబడకుండా హనుమంతు తడి గోనెపట్టా కప్పి, బండి నీడలో కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పింది. అతను చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు. అది మరాఠీలో ఉంది. అతనికి మరాఠీ చదవరాదు, తెలుగూ చదవరాదు.

"నువ్వు అడుగు, నేను చెప్త" అన్నాడు.

"పేరు?"

హనుమంతు దవాఖాన వైపు చూశాడు. "మీ రిజిస్టర్ల నాకు ఎన్ని పేర్లున్నయో నీకు ఎరుకే గదా. శంకర్ అన్న, బాబాఖాన్ అన్న, దేవీదాస్ అన్న. ఒక్క నెలల రెండుసార్లు ఇయ్యనియ్యరని."

అనసూయకు ఎరుకే. దేవీదాస్ అని రాసింది తనే. మనిషి ఎవరో తెలిసే, పది రోజుల కిందటి సూది గుర్తు ఇంకా మానలేదని చూసే, ఆ రోజు ఫ్రిజ్ ఖాళీగా ఉండడంతో తల దించుకుని రాసేసింది. ఆ మాట ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. "నేను గట్ల రాయకుండ ఉండాల్సింది కాకా" అంది.

"నువ్వు రాయకుంటే ఇంకోలు రాద్దురు. ఇడ్సిపెట్టు" అన్నాడు హనుమంతు. "ఇప్పుడు నా పేరే రాయి. హనుమంతు. నాయిన పేరు పోచయ్య. ఊరు సాస్తి."

రాసింది. వయసు రాసింది. వృత్తి దగ్గర పండ్ల వ్యాపారం అని రాసింది. తర్వాతి గడి దగ్గర కలం ఆగింది. "ఏ విధమైన సేవ చేయగలరు అని ఉంది. అందరూ ధన సహాయమనో, వస్తు సహాయమనో రాస్తరు."

హనుమంతు ఆలోచించాడు. ఎవరో వచ్చి అరడజను పండ్లు అడిగారు. లేచి, మచ్చలేనివి ఏరి కట్టి ఇచ్చి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"కూసుంట అని రాయి" అన్నాడు.

"ఏంది?"

"పక్కన కూసుంట. భయమైనోళ్ళ పక్కన. నాకు వచ్చిన పని గదే."

మరాఠీలో దాన్ని ఇంకా గౌరవంగా ఎలా రాయాలా అని అనసూయ రెండు మూడు మాటలు మనసులో వేసి చూసుకుంది. ఏదీ నచ్చలేదు. అతను చెప్పింది చెప్పినట్టే రాసింది. గడి చిన్నది. చివరి మాట గీత దాటి పక్క గడిలోకి పోయింది.